పెరట్లో పాపా చెట్లు నాటబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంటి పెరట్లో గడ్డి తీసివేసి, ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో సహజంగా పెరిగే పండ్ల చెట్లనే నాటాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. గుంతలు తవ్వే ముందు భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టించు. సర్వీస్‌బెర్రీ ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది, పక్షుల కంటే ముందు కోసుకుంటే చాలు. పర్సిమన్‌లో సాధారణంగా ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి కనుక అడిగి తీసుకో.

నా బెంగంతా పాపా (pawpaw) అనే పండ్ల చెట్టు గురించే. అడవిలోని ఒక గుబురు నుంచి రెండు పిలకలు తవ్వి తెచ్చుకుంటానన్నావట. ఆ పని మాత్రం చేయవద్దమ్మా. మీ పెద్ద మామయ్య సరిగ్గా అదే చేశాడు. తల్లి వేరు మీద ఆధారపడి పెరిగే పిలకకు సొంత వేళ్లు తక్కువ కావడంతో తెచ్చినవాటిలో చాలా మటుకు ఎండిపోయి, రెండు మాత్రం బతికాయి. ఏటా వసంతంలో ఆకులు రాకముందే ముదురు ఎరుపు పూలు కొమ్మల నిండా తలలు వంచుకుని వేలాడేవి, కానీ ఒక్క పిందె కూడా నిలిచేది కాదు. ఆయన ఎరువు మార్చాడు, నీళ్లు పెంచాడు, చివరికి నేలనే తప్పుపట్టాడు. అసలు కారణం వేరు. ఒకే వేరు నుంచి లేచిన పిలకలన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు, పాపా చెట్టేమో చాలావరకు తన పుప్పొడితో తాను కాయదు. ఆ సంగతి తెలిసేనాటికి ఆయన విసిగిపోయి రెండింటినీ నరికించేశాడు. అన్నేళ్ల ఎదురుచూపు అలా ముగియడం నీ విషయంలో నేను చూడలేను.

అందుకని నర్సరీలో రెండు వేరువేరు రకాల అంటుమొక్కలు కొని, రెండున్నర మీటర్ల ఎడంలో నాటు. అంటుమొక్క మూడు నాలుగేళ్లలో కాపుకు వస్తుంది, విత్తనపు మొక్కకు 5 నుంచి 8 ఏళ్లు పడుతుంది. చిన్నప్పటి నుంచీ నీకు తొందరెక్కువ, కాబట్టి అంటుమొక్కే మేలు. మొదటి వేసవిలో లేత మొక్కకు నీడ కట్టు, ఎదిగాక ఎండ బాగా తగలనివ్వు. ఈ పూల పుప్పొడి మోయడానికి ఈగలు, చిన్న పురుగులే దిక్కు, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. గోధుమరంగుకు తిరిగి పొడి రాలుస్తున్న పువ్వు నుంచి మెత్తని కుంచెతో పుప్పొడి తీసి, రెండో చెట్టు మీద అప్పుడే విచ్చి, మధ్యలోని కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) ఆకుపచ్చగా నిగనిగలాడుతున్న పువ్వుకు అద్దు.

ఇక పిల్లల సంగతి. ఇది సీతాఫలం కుటుంబపు చెట్టు, గింజలు, తొక్క తినకూడదు. మెత్తటి గుజ్జు కూడా కొందరికి పడక వాంతులవుతాయి కనుక తొలిసారి ఒకటి రెండు చెంచాలతో ఆపు. గింజలన్నీ నీ చేత్తోనే తీసి, ఆ తర్వాతే వాళ్లకు పెట్టు.

ఏ రెండు రకాలు ఎంచుకున్నావో కొనే ముందు నాకు ఒక్క మాట రాయి.

మీ మామయ్య