డాక్టర్ సలహా: ముందు ఛాతీ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: సార్, నా వయసు 43. ప్రొద్దుటూరులో బట్టల షాపు ఉంది. 2021 మే నెలలో కోవిడ్ వచ్చి 9 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత నిద్ర పట్టక, గుండె దడగా ఉంటే ఎస్సిటాలోప్రామ్ 10 రాశారు. ఆ పాత చీటీతోనే ఇప్పటికీ కొని వాడుతున్నా. రెండేళ్లుగా కోరిక తగ్గింది, అంగస్తంభన సరిగా ఉండడం లేదు. మెడికల్ షాపులో సిల్డెనఫిల్ 100 ఇచ్చారు. మొదట పనిచేసింది, ఇప్పుడు అదీ లేదు. ఇంట్లో ఆమెకు ఏమీ చెప్పలేదు. ఇది కోవిడ్ వల్లా, టీకా వల్లా? పరిశోధనల్లో ఏం తేలింది? ఇంకో మాట, ఈమధ్య గోడౌన్ మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టై, నిలబడితే తగ్గుతోంది. గ్యాస్ అనుకున్నా. ఒకసారి మా నాన్న వాడే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకుంటే సర్దుకుంది.

జవాబు: మీరు అడిగినదానికి తర్వాత వస్తాను. 'ఇంకో మాట' అంటూ చివర్లో రాసి వదిలేశారే, నన్ను కంగారుపెట్టింది అదే.

మెట్లెక్కితే పట్టేసి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పికి గ్యాస్ అని మీకు మీరే పేరు పెట్టుకోకూడదు. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉన్నప్పుడు నొప్పి అచ్చంగా ఇలాగే వస్తుంది. మీకు అదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను. లేదని తేలేదాకా మాత్రం సిల్డెనఫిల్ ముట్టుకోవద్దు. కలయిక కూడా ఆపండి, ఆ శ్రమ దాదాపు రెండంతస్తుల మెట్లు చకచకా ఎక్కినంత. మీకు గోడౌన్ మెట్ల దగ్గరే ఇబ్బందిగా ఉంది కదా.

సార్బిట్రేట్ గుండె నొప్పికి వాడే నైట్రేట్ జాతి మందు. అది రక్తనాళాలను వదులు చేస్తుంది. సిల్డెనఫిల్ ఆ వదులును తగ్గనివ్వకుండా పట్టి ఉంచుతుంది. రెండూ ఒంట్లో ఒకేసారి ఉంటే బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది, మనిషి కుప్పకూలవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. సిల్డెనఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, అదే రకం మాత్ర టడలఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. ఆ రోజు రెండు మాత్రల మధ్య ఎంత వ్యవధి ఉందో మీరు రాయలేదు. రెండూ ఒంట్లో ఒకేసారి కలవలేదు కాబోలు, సరిపోయింది. నొప్పి మళ్లీ వస్తే కూర్చుని 108కు ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు సిల్డెనఫిల్ ఎన్ని గంటల కిందట వేసుకున్నారో సిగ్గుపడకుండా చెప్పండి. అది దాచారంటే అత్యవసర వార్డులో వాళ్లూ నైట్రేటే ఇస్తారు, తప్పు వాళ్లది కాదు.

ఈ రెండు బాధలకూ మూలం ఒకటే కావచ్చు. అంగంలోని రక్తనాళాలు 1 నుంచి 2 మి.మీ. వెడల్పు, గుండెవి 3 నుంచి 4. పూడిక మొదలైతే సన్నవాటిలో ముందు తెలుస్తుంది. అందుకే నలభై దాటినవాళ్లలో అంగస్తంభన తగ్గితే షుగరు, కొలెస్టరాల్, గుండె చూడకుండా వదలం. పైగా మీకు స్టెరాయిడ్లు పడ్డాయి. సెకండ్ వేవ్‌లో వాటితో షుగరు పెరిగి, తమకు షుగరు ఉందని అప్పుడే తెలిసినవాళ్లు చాలామంది. తర్వాత ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?

ఆ మెడికల్ షాపు సంగతి. సిల్డెనఫిల్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. మొదలుపెట్టే మోతాదు మామూలుగా 50 మి.గ్రా., కొందరికి 25. మీరు ఏకంగా 100 దగ్గర మొదలెట్టారు! అది కోరిక పుట్టించే మందు కాదు, కోరిక ఉంటే రక్తప్రసరణకు సాయపడుతుంది, అంతే. కొవ్వు తిండి కడుపునిండా తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. తాగి వేసుకుంటే ఆ మద్యమే స్తంభనను దెబ్బతీస్తుంది. షుగరు ముదిరితే మోతాదు ఎంత పెంచినా ఫలితం తక్కువే. పనిచేయడం మానేసింది కదా అని మూలికల పొడి అంటూ అమ్మేవాటివైపు వెళ్లకండి. అలాంటి వాటిలో ఇదే సిల్డెనఫిల్ కలిపి పట్టుబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి, ఎంత కలిపారో అమ్మేవాడికీ తెలియదు.

ఎస్సిటాలోప్రామ్ ఆందోళన, డిప్రెషన్ తగ్గించే మందు, మంచిదే. కానీ కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం దానికి బాగా తెలిసిన దుష్ప్రభావాలు. అలాగని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం వస్తాయి, పాత ఆందోళనా తిరిగి రావచ్చు. రాసిన డాక్టరే కొన్ని వారాల మీద తగ్గించడమో, బుప్రోపియాన్, మిర్టాజపిన్ లాంటి వేరే మందులకు మార్చడమో చూడాలి. ఏళ్ల తరబడి పాత చీటీ మీద నడపడం మాత్రం తప్పే.

ఇక మీరు అడిగింది. 2021లో ఇటలీలో 100 మంది మగవాళ్లతో ఆన్‌లైన్‌లో చేసిన పరిశీలనలో కోవిడ్ వచ్చినవాళ్లలో 28 శాతం మందికి, రానివాళ్లలో 9 శాతం మందికి అంగస్తంభన సమస్య కనబడింది. చిన్న పరిశీలన, కారణాన్ని రుజువు చేయదు. వైరస్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుందన్నది మాత్రం తెలిసిన సంగతే. కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఆ రెండూ కోరికను తినేసేవే. టీకా వల్ల అంగస్తంభన పోతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు, దాని మీద నిద్ర పాడుచేసుకోకండి.

మనసు పాత్రను అంచనా వేయడానికి ఒక ప్రశ్న వేసుకోండి: తెల్లవారుజామున స్తంభన మామూలుగా ఉంటోందా? ఉంటే 'ఈసారైనా అవుతుందా' అన్న భయం పాలు ఎక్కువని అనుమానిస్తాం. ఆ భయంతో పుట్టే అడ్రినలిన్ నాళాలను బిగిస్తుంది, మళ్లీ విఫలం, మళ్లీ భయం. అస్సలు లేకపోతే శరీరం వైపు ఎక్కువ వెతుకుతాం. అయితే మీరు వాడే ఎస్సిటాలోప్రామే దీన్ని కూడా మార్చగలదు, కాబట్టి ఇదొక్కటే పట్టుకుని తేల్చేయకండి.

ఈ ఒకటి రెండు రోజుల్లోనే జిల్లా ఆస్పత్రిలో బీపీ, ఈసీజీ తీయించుకోండి. నొప్పి కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా, చెమట పడుతున్నా ఆ మాత్రం కూడా ఆగకండి. ఈసీజీ మామూలుగా వచ్చినా గుండె డాక్టరును కలవండి, విశ్రాంతిలో తీసిన ఈసీజీ చాలాసార్లు ఏమీ చూపించదు. పరగడుపున షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు), కొలెస్టరాల్ చేయించండి. మగ హార్మోను టెస్టోస్టెరాన్ పొద్దున 8 నుంచి 10 లోపల ఇచ్చిన రక్తంలోనే చూడాలి, తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ. కోరిక తగ్గింది కనుక ప్రొలాక్టిన్ అనే హార్మోను, థైరాయిడ్ కూడా. ఆ తర్వాత కడప రిమ్స్‌లోనో, మీకు దగ్గర్లోనో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. వెళ్లలేని రోజు మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంటావిడకు చెప్పండి. మీరు దూరం జరిగితే తనలోనే ఏదో లోపమని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. గుండెకు ఇబ్బంది లేదని తేలాక కొన్ని వారాలు కలయిక ఊసు లేకుండా రోజుకో పావుగంట దగ్గరగా, స్పర్శతో గడపమని చెబుతాం. నెగ్గాల్సిన పరీక్ష ఏదీ లేదు కాబట్టి భయం తగ్గుతుంది. ఎలా చేయాలో ఓపీలో వివరంగా చెబుతారు, ఆమెనూ వెంట తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకోండి. సార్బిట్రేట్ డబ్బా మాత్రం నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి.