నాయనమ్మ కుర్చీ రోడ్డు మీదికి ఎందుకొచ్చింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆర్కిటెక్చర్, డిజైన్ చదివే పిల్లలవే. థీసిస్‌ల కాలం కదా. మిగతావి వాళ్ల అమ్మానాన్నలవి, ఆ పిల్లలు కొలతల టేపులు పట్టుకుని వెళ్లిన ఇళ్ల వాళ్లవి. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బి.ఆర్క్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది సిద్దిపేట జిల్లా. మా నాయనమ్మ వాళ్ల ఊరు మల్లన్న సాగర్ కింద మునిగిపోయింది. ఆ ఊరివాళ్లకు ఇళ్లిచ్చిన కాలనీలో ఒక స్మృతి కేంద్రం కట్టడం నా థీసిస్. నీటిబొట్టు ఆకారంలో గాజు డోమ్ వేసి, లోపల పాత ఊరి ఫోటోలు పెట్టాను. మొదటి జ్యూరీలో, అంటే మా పని చూసి మార్కులేసేవాళ్ల ముందు పెట్టినప్పుడు, 'ఇది ఎక్కడైనా పెట్టొచ్చు, మీ ఊరు ఇందులో ఎక్కడుంది' అన్నారు. ఏడుపొచ్చింది. జ్ఞాపకానికి ఆకారం ఎలా వస్తుంది? నాయనమ్మను అడుగుదామంటే ఆమె సాయంత్రం కాగానే గేటు బయట రోడ్డు మీద కుర్చీ వేసుకుంటుంది, బండి వస్తే లేచి కుర్చీ పక్కకు లాక్కుంటుంది, మళ్లీ కూర్చుంటుంది. అక్కడ మాట్లాడటం కుదరడం లేదు.

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో ఆ కుర్చీ సంగతి ఇంకోసారి చదువుకో. నీ థీసిస్ అదే. డోమ్ పక్కన పెట్టెయ్.

ఆమె ఆ కుర్చీ ఎందుకు బయటికి తెస్తోంది? పాత ఇంటి ముందు అరుగు ఉండేది, కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు కనిపించేవాళ్లు, పలకరించేవాళ్లు. కొత్త ఇంటికి కాంపౌండ్ గోడ ఉంది, గేటు ఉంది, గేటు దాటితే రోడ్డే. మధ్యలో ఉండాల్సినదేదో లేదు. ఆ లేనిదాన్ని ఆమె రోజూ సాయంత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీతో పూడుస్తోంది, బండి వచ్చినప్పుడల్లా పోగొట్టుకుంటోంది. జ్ఞాపకం ఫోటోలో ఉంటుందని మనం అనుకుంటాం గానీ ఎక్కువ భాగం ఇలా ఒంట్లో అలవాటుగా ఉంటుంది, ఏ వేళకు ఎటు తిరిగి కూర్చోవాలో కాళ్లకు, నడుముకు తెలుసు.

కాబట్టి ఈ ఆదివారం వెళ్లి, సాయంత్రం నాలుగింటి నుంచి చీకటి పడేదాకా ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చో. ప్రశ్నలడగకు. ఎన్ని ఇళ్ల ముందు కుర్చీలు వచ్చాయో, ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో, నీడ ఏ గోడది పడుతోందో, ఎన్నిసార్లు లేవాల్సి వచ్చిందో రాసుకో. తర్వాత టేపు తీసి గేటు నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి బండ్లు పోయే జాగా దాకా కొలువు. నేను కొలిచిన పాత అరుగులు చాలావరకు మోకాలెత్తు ఉన్నాయి, పద్దెనిమిది అంగుళాలకు అటూ ఇటూ, వెడల్పు రెండున్నర అడుగులకు తగ్గలేదు, ఎందుకంటే మనవాళ్లు కాళ్లు వేలాడేసి కూర్చోవడంతో ఆగరు, బాసింపట్టు వేసుకుంటారు, బియ్యం చెరుగుతారు, మధ్యాహ్నం పడుకుంటారు. గోడకు వీపు ఆనే చోట సున్నం నున్నగా, కాస్త నల్లగా మారి ఉంటుంది. ఆ మరకే ఒక డ్రాయింగ్, దాన్ని స్కేలుకు గియ్యి.

రెండో పని. కాలనీలో ఓ పదిమందిని, వయసు, ఆడ, మగ తేడాలు చూసుకుని ఎంచుకుని, పాత ఊరు గియ్యమను. కాగితమంటే నాయనమ్మ భయపడితే వాకిట్లో ముగ్గుపిండితో గియ్యమను, ఆ చేతికి అది అలవాటే. ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెడతారో చూడు. ఒకరు బొడ్రాయి నుంచి, ఒకరు చెరువు కట్ట నుంచి, బడి నుంచి, కల్లు దుకాణం నుంచి మొదలుపెడతారు. వాటన్నిటినీ కింది గీతలు కనిపించే పల్చటి బటర్ పేపర్ మీద ఎక్కించి ఒకదాని మీద ఒకటి పెట్టు. పదీ కలిసిన చోట్లు నీకు దొరుకుతాయి.

కలవని చోట్లు ఇంకా ముఖ్యం. ఇది జ్యూరీలో ఎవరూ అడగకపోవచ్చు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ ఊళ్లో అన్ని అరుగుల మీదా అందరూ కూర్చోలేదు. వాడవాళ్లు దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన ఊళ్లు తెలంగాణలో ఎన్నో. ఒకరికి తియ్యగా గుర్తున్న రచ్చబండ ఇంకొకరికి దూరంగా నిలబడిన చోటు. 'ఊరి జ్ఞాపకం' అని ఒక్కటే ముద్ద చేసి పెడితే, అందులో ఎవరి గొంతు పెద్దదో వాళ్లదే మిగులుతుంది. పాత ఊరిని ఉన్నదున్నట్టు మళ్లీ కట్టి చూపించడం నాకు అందుకే నచ్చదు. ఎవరికి ఏది తిరిగి కావాలో, ఏది నీళ్లలోనే ఉండిపోవాలో వాళ్లనే అడుగు.

మన దగ్గర శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని, వీలైతే వెళ్లి చూడు. అయితే గుడికి చేసింది అరుగుకు చేయలేం, అరుగు మట్టిదైనా సిమెంటుదైనా ఒకటే, ఎదురింటి అరుగు ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి చేసిన అరణ్య కాలనీని కేస్ స్టడీగా తీసుకో. 1989లో వచ్చింది. నమూనాగా 80 ఇళ్లు మాత్రమే కట్టి, మిగతా చోట్ల పునాది, నీళ్లు, మరుగుదొడ్డి లాంటివి ఇచ్చి, పైది ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లే కట్టుకునేలా వదిలారు. ఇంటికీ వీధికీ మధ్య అరుగుకు, మెట్లకు చోటుంచారు. 2018లో ఆయనకు ఆర్కిటెక్చర్‌లో పెద్దదిగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చినప్పుడు అందరూ చెప్పుకున్న పనుల్లో ఇదొకటి. అక్కడ నువ్వు చూడాల్సింది ఆ ఇంటి ముందరి నాలుగడుగులు.

నా మాట వింటే నీ స్మృతి కేంద్రం ఒక భవనం కానక్కర్లేదు. వీధి పొడవునా కాంపౌండ్ గోడనే తీసుకుని, దాన్ని కొన్నిచోట్ల తగ్గించి, కొన్నిచోట్ల మందం పెంచి, రెండిళ్లకు కలిపి ఒక అరుగుగా మార్చు, మీద నీడ, పక్కన కుండ పెట్టుకునే గూడు. నలుగురు కలిసే చోట బొడ్రాయికి జాగా. బొడ్రాయి పండగంటే ఆడబిడ్డలందరూ పుట్టింటికి వస్తారు, ఆ రోజు ఎంతమంది నిలబడాలో దాన్నిబట్టే నీ ఖాళీ స్థలం కొలత వస్తుంది. ఆ అరుగు సెక్షన్, అంటే నిలువునా కోస్తే కనిపించే బొమ్మ, 1:20లో (అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా) గీసి జ్యూరీలో మొదటి షీటుగా పెట్టు. ఇది ఎక్కడైనా పెట్టొచ్చు అనే మాట ఈసారి ఎవరూ అనలేరు.

ప్రశ్న: మా అబ్బాయి మూడో సంవత్సరం. రాత్రంతా అట్టలు కోస్తాడు, ఫెవిక్విక్‌తో వేళ్లు అంటించుకుంటాడు, ఒక్క మోడల్‌కి నాలుగు వేలయింది. ఏం చేస్తున్నావురా అంటే కమ్యూనిటీ, మెమరీ అంటాడు. ఈ బొమ్మలు ఎవరికి పనికొస్తాయండీ? చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక అమ్మ, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మగారూ, 1981లో అమెరికాలో వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికులకు స్మారకం కోసం పోటీ పెట్టారు. 1,421 డిజైన్లు వచ్చాయి. పేర్లు చూడకుండా నంబర్లతోనే ఎంచితే గెలిచింది ఇంకా డిగ్రీ చదువుతున్న 21 ఏళ్ల అమ్మాయి, మాయా లిన్. క్లాసు పనిగా మొదలుపెట్టిన డిజైనే అది, ఆ క్లాసులో ఆమెకు బి గ్రేడ్ వచ్చింది. నేలను కోసినట్టు దిగే రెండు నల్లరాతి గోడలు, వాటి మీద పేర్లు, అంతే. విగ్రహం లేదు, గుర్రం లేదు. పేర్లు అక్షర క్రమంలో కాకుండా చనిపోయిన క్రమంలో చెక్కారు, కాబట్టి ఒకే రోజు పోయిన స్నేహితులు దగ్గర దగ్గరగా ఉంటారు. ఇప్పుడు 58 వేలకు పైగా పేర్లున్నాయి. కొడుకు పేరు వెతుక్కుంటూ వచ్చిన తల్లికి నున్నటి రాతిలో ఆ పేరు మీదే తన ముఖం కనబడుతుంది. కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది పేరు ఎత్తుకుపోతారు. ఆ నల్లరాయి మన బెంగళూరు వైపు నుంచి వెళ్లింది. బొమ్మలు ఎవరికి పనికొస్తాయి అన్నారు కదా, ఇలా పనికొస్తాయి.

డబ్బు సంగతి మాత్రం మీరన్నది నిజం. ఆలోచన సాగేటప్పుడు చేసే ప్రాసెస్ మోడల్స్‌కు పాత అట్టపెట్టెలు చాలు, సన్‌బోర్డ్, అక్రిలిక్ ఆఖరిదానికి ఉంచుకోమనండి. లేజర్ కటింగ్‌కి మార్కులు రావు. ఐదేళ్ల చదువయ్యాక మొదటి రెండు మూడేళ్లు జీతాలు తక్కువే ఉంటాయి, దానికి ఇంట్లో ఇప్పుడే సిద్ధపడితే మంచిది. ఇంకొక్కటి, జ్యూరీకి ముందు రోజు వాణ్ని మీ ముందు కూర్చోబెట్టి ఆ మోడల్ గురించి తెలుగులో చెప్పమనండి. మీకు అర్థం కాని చోట ఆపండి. అక్కడే వాడికీ అర్థం కాలేదు.

ప్రశ్న: మాది పాతబస్తీలో తాతల నాటి ఇల్లు. నాలుగేళ్లలో మూడు కాలేజీల పిల్లలు వచ్చారు. గదులన్నీ కొలిచారు, మా అమ్మ ఫోటోలు తీశారు, చాయ్ తాగారు, డ్రాయింగ్ తెచ్చిస్తామన్నారు. ఒక్కరూ మళ్లీ రాలేదు. అమ్మ పోయింది. ఆ ఫోటోలు కూడా మా దగ్గర లేవు. ఇంకో బ్యాచ్ వస్తామని కబురు చేశారు. తలుపు తీయాలా?

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే నేనూ అలా పిల్లల్ని తీసుకెళ్లినవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక గల్లీలోకి రెండోసారి వెళ్తే ఒక ముసలమ్మ గుమ్మంలో నిలబడి 'పోయినసారి తీసుకపోయిన మా ఆయన ఫోటో ఏది బిడ్డా' అంది. షీట్ల మీద అతికించిన ఆ ఫోటో అప్పటికే చిత్తు కాగితాల్లో పోయింది. ఆమెకు నేను ఏమీ ఇవ్వలేకపోయాను. ఆ తర్వాత నుంచి నా క్లాసులో ఒకటే షరతు, ఎవరి ఇంట్లో కొలిచామో వాళ్ల చేతిలో ప్రింటు పెట్టి, దాంతో దిగిన ఫోటో చూపిస్తేనే మార్కులు.

తలుపు తీయండి, కానీ మీ మాట ముందు చెప్పండి. అమ్మగారి ఫోటోలు తీసిన బ్యాచ్ ఏ కాలేజీదో గుర్తుంటే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఉత్తరం రాయండి, పాత షీట్లు, పోర్ట్‌ఫోలియోల ఫైళ్లు చాలా కాలేజీల్లో దాస్తారు, దొరికే అవకాశం ఉంది. కొత్తవాళ్లతో, ఏ ఫోటో తీసినా అక్కడే మీ ఫోన్‌కు పంపాలని, ప్లాన్, సెక్షన్ కాపీ ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి, వాళ్ల మేడమో సారో సంతకం పెట్టాలి. ఆ కొలతల డ్రాయింగ్ మీకు నిజంగా పనికొస్తుంది. డంగుసున్నం గోడకు ఎక్కడో చెమ్మ పట్టిందనుకోండి, మేస్త్రీ వచ్చి సిమెంటు పూసేస్తానంటాడు, పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడ ఇంకా పాడవుతుంది, ఏ గోడ దేనితో కట్టిందో డ్రాయింగ్‌లో ఉంటే మీరు అతన్ని ఆపగలరు. రోడ్డు వెడల్పులో ముందు గది పోతుందన్నా, ఏం పోతోందో చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ప్రశ్న: రెండో సంవత్సరం. 'నగర స్మృతి' మీద చిన్న ప్రాజెక్టు ఇచ్చారు. హైదరాబాద్‌లో చార్మినార్ కాకుండా ఏం చూడాలి? షీట్ల మీద తెలుగులో రాస్తే ఏమైనా అంటారా సర్?

జవాబు: ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి వెళ్లు తమ్ముడూ. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. ఊరంతా కొట్టుకుపోతుంటే వాళ్లు పట్టుకున్న కొమ్మ అది. ఎవరూ డిజైన్ చేయలేదు, అయినా ఆ వరదను నగరం గుర్తుపెట్టుకున్న చోటు అదే. దాని కింద కాసేపు నిలబడి కొమ్మ ఎత్తు చూసుకో, నీళ్లు ఎంత దాకా వచ్చి ఉంటాయో తల ఎత్తితేనే తెలుస్తుంది. అదే రోజు బన్సీలాల్‌పేట మెట్లబావికి పో. ఏళ్ల తరబడి చెత్త కింద పూడిపోయి ఉన్నదాన్ని తవ్వి 2022లో మళ్లీ తెరిచారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు, మెట్ల మీద ఎవరు కూర్చుంటున్నారో రాసుకో.

తెలుగులో రాయి. అరుగును వరండా అని రాస్తే అది వేరే వస్తువు అయిపోతుంది. వరండాకు కప్పు ఉంటుంది, అది ఇంటివాళ్లది. అరుగు సగం వీధిది. గడప, వాకిలి, గచ్చు, గూడు, ఇవన్నీ అలాగే రాసి బాణం గుర్తు పెట్టు. బయటి నుంచి వచ్చిన జ్యూరర్‌కు తెలుగు రాకపోతే పక్కన నిలబడి నువ్వు చెప్పు, ఆ రెండు నిమిషాల్లోనే నీ ప్రాజెక్టు సగం అర్థమవుతుంది. అక్షరాలు మాత్రం మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండా రాయి, ఒత్తులు, గుడులు ప్రింటులో కలిసిపోతాయి.