రోగి భద్రతపై సర్వే: ఎవరి జవాబును నమ్మాలి?

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో నాణ్యతా విభాగం చూస్తున్నాను. రోగి భద్రతా సంస్కృతిపై, అంటే రోగికి హాని జరగకుండా చూసుకునే పని వాతావరణంపై, సిబ్బంది ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి, పేర్లు అడగకుండా ఒక ప్రశ్నపత్రం ఇచ్చాము. సగటు బాగానే వచ్చింది గాని, విభాగాధిపతుల జవాబులకూ వార్డు నర్సుల జవాబులకూ పొంతన లేదు. పొరపాటు జరిగిందని చెబితే అది తమ మీదికే వస్తుందని నర్సుల్లో చాలామంది రాశారు. పొరపాట్లపై సిబ్బంది ఇచ్చే ఇన్సిడెంట్ రిపోర్టులు తక్కువగా వస్తున్నాయి కాబట్టి కంగారు అక్కర్లేదని యాజమాన్యం అంటోంది. ఈ ఫలితాన్ని ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సర్వేలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ పొంతన లేకపోవడమే, సగటు దాన్ని కప్పేస్తోంది. భద్రత గురించి వార్డు సిబ్బంది కంటే పై అధికారులకు మెరుగైన అభిప్రాయం ఉండడం అనేక దేశాల అధ్యయనాల్లో కనిపించింది. అంతమాత్రాన ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని కాదు. అధికారుల ముందుకు వచ్చేవి నిబంధనలు, కమిటీ తీర్మానాలు, కొత్తగా కొన్న పరికరాల జాబితా. షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే, హడావుడిగా ముగిసిన హ్యాండోవర్‌లో ఎవరూ చెప్పని మందు మార్పును రాత్రి షిఫ్టులో ఒంటరిగా కేస్ షీటులో వెతుక్కునే నర్సుకు కనిపించేది వేరు. రోగికి హాని జరిగే చోటుకు దగ్గరగా ఉన్నది ఆమే గనుక నేనైతే ఆమె జవాబుకే ఎక్కువ విలువ ఇస్తాను.

మీ ఫలితం అసాధారణమైనదేమీ కాదు. ఆరోగ్య సేవల నాణ్యతను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూ 2004లో విడుదల చేసి 2019లో సవరించిన ఇలాంటి ప్రశ్నపత్రాన్ని ఎన్నో దేశాల ఆసుపత్రులు వాడుతున్నాయి. మొదటి రూపంలో 12 అంశాల కింద 42 ప్రశ్నలు ఉండేవి. దాన్ని వాడిన చోట్ల, విభాగం లోపల ఒకరికొకరు సహకరించుకోవడంపై సాధారణంగా మంచి అభిప్రాయమే వస్తుంది. పొరపాటు చెప్పినా శిక్షించరన్న నమ్మకం, సిబ్బంది సంఖ్య, హ్యాండోవర్ అనే అంశాలు తరచుగా అడుగున ఉంటాయి.

ఇక రిపోర్టులు తక్కువ గనుక భద్రత బాగుందన్న వాదన. అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్సన్ మందుల పొరపాట్లపై చేసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, నాయకత్వమూ పరస్పర సంబంధాలూ బాగున్న విభాగాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివారు పొరపాట్లను దాచకుండా మాట్లాడుకోగలగడమే దానికి కారణమని ఆమె వివరించారు. చెబితే అది తమ మీదికే వస్తుందని నర్సులు మీకు రాసి ఇచ్చాక కూడా, రిపోర్టుల తక్కువ సంఖ్యను ధైర్యానికి ఆధారంగా చూపడం నాకు విడ్డూరంగా తోస్తోంది.

శిక్ష వల్ల నష్టం ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. పలచన చేయకుండా ఇస్తే ప్రాణం తీయగల గాఢమైన పొటాషియం క్లోరైడ్ మందు ఉన్న చిన్న గాజు సీసాను, అంటే ఆంప్యూల్‌ను, అదే సొరుగులో దానిలాగే కనిపించే మరో ఆంప్యూల్ పక్కన ఉంచారనుకుందాం. ఒక నర్సు ఒకదానికి బదులు ఇంకొకటి తీసి, రోగికి ఇచ్చేలోగా గమనించి ఆగింది. ఆమెకు మెమో ఇస్తే సొరుగు అలాగే ఉంటుంది, తర్వాతి నర్సు నోరు విప్పదు. ఆమె మాట విన్నవారైతే ఆ మందును వార్డులోంచే తీసేస్తారు. పొటాషియం క్లోరైడ్ లాంటి గాఢ ఎలక్ట్రోలైట్ (లవణ) ద్రావణాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచన కూడా ఆ దారిలోనిదే. అయితే అన్నిటినీ క్షమించాలని దీని అర్థం కాదు. ప్రమాదమని తెలిసీ లెక్కచేయకుండా చేసిన పనికి జవాబుదారీ ఉండాల్సిందే. పనిలో దొర్లిన పొరపాటును మాత్రం దానితో కలిపి చూడకూడదు.

మీరు చేయవలసిన మొదటి పని, ఫలితాలను వార్డులవారీగా, హోదాలవారీగా విడదీయడం. నలుగురైదుగురే ఉన్న విభాగాన్ని విడిగా చూపితే ఎవరు ఏమి రాశారో తెలిసిపోతుంది కాబట్టి అలాంటివాటిని మరోదానితో కలపండి. ఏ వర్గంలో ఎందరు ప్రశ్నపత్రం ఖాళీగా వదిలేశారో కూడా చూడండి. తర్వాత ఆ అంకెలను నర్సుల దగ్గరికే తీసుకువెళ్లి, పై అధికారులు లేని చోట చర్చించండి.

ప్రశ్న: ఇలాంటి సర్వే ఎంతకాలానికి ఒకసారి జరపాలి?
– మరో పాఠకుడు

జవాబు: ఏడాదిన్నర, రెండేళ్ల వ్యవధి సరిపోతుంది. అంతకంటే ముందే అడిగితే చేసిన మార్పుల ప్రభావం జవాబుల్లో కనిపించకపోవచ్చు. రెండు సర్వేలను పోల్చాలంటే ప్రశ్నల వాక్యాలు మాత్రం మార్చకండి.