ఐసీయూ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కథ చదివా. మొదటి సగం చాలా బాగుందయ్యా. సూర్యారావుపేటలో ఐసీయూ బయట ఆ ఇనప కుర్చీలు, లోపలికి పంపేముందు చెప్పులు విప్పించటం, ఫార్మసీ చీటీ పట్టుకుని మెట్లు దిగే కొడుకు, పక్క పేషెంట్ తాలూకు వాళ్ళు తెనాలి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం ఇతనికీ పెట్టటం, అవన్నీ నువ్వు చూసి రాసినవని తెలుస్తానే ఉంది. అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోవద్దు.

గొడవంతా రెండో సగంతోనే. ఏసీకి పట్టిన బూజు గాల్లో ఎగిరొచ్చి అమ్మ రక్తంలో కలిసిందన్నావు, తెల్లారేసరికి మొహం మీద నల్ల మచ్చలు తెప్పించావు. ఆ నల్ల మచ్చలు 2021లో కోవిడ్ తర్వాత మనందరం భయపడి చచ్చిన బ్లాక్ ఫంగస్‌వి నాయనా, ముక్కులో మొదలై కంటికీ దవడకీ పాకేది, మన రాష్ట్రంలో అప్పుడు ఆరోగ్యశ్రీలో కూడా చేర్చారు చూడు, అది. ఐసీయూ పేషెంట్ల రక్తంలో దొరికే ఫంగస్ ఎక్కువగా క్యాండిడా. దానికి ఏసీ అక్కర్లా, మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండేదే, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ మన జోలికి రాదు.

నీ కథలో అమ్మకి పేగు ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది, రోజుల తరబడి పెద్ద పెద్ద యాంటీబయాటిక్స్ ఎక్కుతున్నాయి, నోటితో తినలేదు కాబట్టి మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం, అదే సెంట్రల్ లైన్, దాంట్లోంచే తిండి కూడా పోతోంది. ఇవన్నీ నువ్వే రాశావు, ఏదో వర్ణన కోసం రాసి వదిలేశావు! ఒక్కొక్కటీ క్యాండిడాకి దారిచ్చేదే తెలుసా. యాంటీబయాటిక్స్ పేగుల్లో బ్యాక్టీరియాని ఊడ్చేస్తే ఇక దీనికి అడ్డెవరూ ఉండరు, కోసి కుట్టిన పేగు నుంచి రక్తంలోకి జారుతుంది, లేదంటే చర్మం మీంచి ఆ లైన్ పట్టుకుని లోపలికి పోయి ప్లాస్టిక్ గొట్టానికి పొరలాగా అతుక్కుంటుంది. అంటే ఆమెని ఇన్నాళ్ళూ బతికించినవే దానికి తలుపు తీసినయ్యి. ఇంత కథ చేతిలో పెట్టుకుని ఏసీ మీద పడతావేంటయ్యా.

అట్లాగని ఆసుపత్రి వాళ్ళని పూర్తిగా వదిలెయ్యమని కాదు నేననేది. క్యాండిడా ఆరిస్ అని ఒకటుంది, 2009లో జపాన్‌లో ఒక పేషెంట్ చెవిలోంచి తీసిన శాంపిల్‌లో దొరికిందని మొదటిసారి రాశారు, 2013కల్లా మన ఢిల్లీ ఆసుపత్రుల కేసుల మీద కూడా పేపర్ వచ్చింది, 2022లో డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాదకరమైన ఫంగస్‌ల లిస్టు వేసినప్పుడు దీన్ని పై వరసలో పెట్టింది. ఇది మాత్రం మంచం రెయిలింగ్ మీంచి, బీపీ పట్టీ మీంచి, చేతుల మీంచి ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకి పాకుతుంది, మామూలుగా తుడిచే లోషన్లు కొన్నిటికి లొంగదు, క్లోరిన్ లాంటిది పడాలి. ఫంగస్‌కి మామూలుగా ఇచ్చే ఫ్లూకొనజోల్ మందు కూడా చాలాసార్లు పనిచెయ్యదు దీనిమీద. ఆసుపత్రి తప్పు చూపించాల్సిందేనని నీకంత పట్టుదలగా ఉంటే ఆ బీపీ పట్టీ రాయి. ఒక మంచం దగ్గర తీసి, తుడవకుండా పక్క మంచం మనిషి జబ్బకి చుట్టటం, ఒక్క వాక్యం చాలు. నీ దొంగ డాక్టరు నాకు నచ్చలా, పేజీన్నర డైలాగ్ చెప్తాడు. ఐసీయూ డాక్టరు నడుస్తా మాట్లాడతాడు, "జ్వరం తగ్గట్లేదండీ, కల్చర్ పంపించాం, చూద్దాం" అని, అంతే, లిఫ్ట్ ఎక్కేస్తాడు.

ఆ కల్చర్ దగ్గర మరీ తొందరపడ్డావు. సాయంత్రం రక్తం తీయించి రాత్రికే రిపోర్ట్ చేతిలో పెట్టావు. రక్తాన్ని బాటిల్లో పోసి మెషిన్‌లో పెడతారు, లోపల ఏదన్నా పెరిగితేనే మెషిన్ చెప్తుంది, ఒక రోజు పట్టొచ్చు, మూడు రోజులూ పట్టొచ్చు, అప్పుడు స్లైడ్ మీద చూసి ఈస్ట్, అంటే క్యాండిడా లాంటి ఫంగస్, ఉందని ల్యాబ్ నుంచి ఐసీయూకి ఫోన్ వస్తుంది, అది ఏ రకం, ఏ మందుకి లొంగుద్ది అన్నది తేలటానికి మళ్ళీ ఒకట్రెండు రోజులు. ఒంట్లో ఉండి కూడా కల్చర్‌లో పడని కేసులు దాదాపు సగం ఉంటాయి, అందుకే ఒక్కోసారి డాక్టర్లు రిపోర్ట్ రాకముందే మందు మొదలుపెట్టేస్తారు. ఈ రోజులన్నీ నీ కొడుకువి. పొద్దునా సాయంత్రం అడుగుతాడు, "ఇంకా గ్రోత్ లేదు సార్" అంటారు. గ్రోత్ లేదంటే మంచిదో చెడ్డదో వాడికి తెలీదు, అడగటానికి మొహమాటం, ఇంట్లోవాళ్ళకి మాత్రం ఫోన్ చేసి పర్లేదంట అని చెప్తాడు. దీనికి రెండు పేజీలు ఇచ్చినా నేను చదువుతా.

మందు సంగతి కూడా చూసుకో, ఒక్క ఇంజెక్షన్‌తో లేపి కూర్చోబెట్టావు. క్యాస్పోఫంజిన్, మైకాఫంజిన్ లాంటివి రోజూ డ్రిప్‌లో ఎక్కాలి, వీలైతే ఆ పాత లైన్ తీసేస్తారు, మళ్ళీ మళ్ళీ కల్చర్ పంపుతారు, రక్తం శుభ్రమైందని తేలిన రోజు నుంచి లెక్కేసి ఇంకో రెండు వారాలు. అంత చేసినా దాదాపు మూడో వంతు మంది దక్కరు. ఆమెని బతికిస్తావా లేదా నీ ఇష్టం, నేను అడగను.

ఇంకో సీను ఇస్తా, వాడుకో. క్యాండిడా రక్తంలో తేలితే కంటి డాక్టరుని పిలుస్తారు. బయటున్న వాళ్ళకి అర్థం కాదు, కడుపు ఆపరేషన్‌కి వస్తే కళ్ళ డాక్టరు ఎందుకొచ్చాడని ఒకటే గుసగుసలు. లోపల కంటిపాప పెద్దదవటానికి చుక్కలేసి, తలకి లైట్ పెట్టుకుని, చేతిలో లెన్స్ పట్టుకుని రెటీనా చూస్తాడు, రక్తంలో కొట్టుకుపోయి అక్కడ కూడా దిగుతుందది, వెంటిలేటర్ మీదున్న మనిషి కళ్ళు మసకేస్తున్నాయని చెప్పలేదు కదా. కొడుకుని ఆ టైములో లోపల ఉంచు. అమ్మ రెప్ప ఇంకొకళ్ళు వేలితో ఎత్తి పట్టుకోవటం వాడు చూడాలి.

రాసేముందు గుంటూరులోనో బెజవాడలోనో ఎవరన్నా మైక్రోబయాలజీ డాక్టరుని పట్టుకో, వాళ్ళనెవరూ ఏమీ అడగరు, అడిగితే సంతోషంగా చెప్తారు. నైట్ డ్యూటీ నర్సుతో కూడా మాట్లాడు. కేస్ షీట్ ఫోటోలు మాత్రం అడగొద్దు, ఎవరన్నా ఇచ్చినా తీసుకోవద్దు. నువ్వు నిజంగా చూసిన ఆమె ఊరు, వయసు, ఆపరేషన్ అన్నీ మార్చెయ్, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చదివితే పోల్చుకోకూడదు.

'విషపు బూజు' అనే టైటిల్ తీసెయ్. ఈసారి పీడీఎఫ్ చేసి పంపు, నా ఫోన్‌లో నీ ఫైలు ఒత్తులన్నీ విడిపోయి కనపడ్డాయి, క్యాండిడాని నేనే కూడబలుక్కుని చదవాల్సొచ్చింది.

మీ అన్న