టాబ్‌లు కొనే ముందు బీరువా తాళం సంగతి చూడు తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మన హైస్కూల్‌కి 40 టాబ్‌లు కొనిస్తానని, మీ ఆఫీసులో ఇంకో నలుగురు తలా కొంత వేసుకుంటారని, దసరా సెలవుల్లో వచ్చి పంచి వెళ్తానని రాశావు. చాలా సంతోషం వేసింది. సీతంపేట కొండల కింద బడిలో పదో తరగతి చదివి బెంగళూరు వెళ్లిన పిల్ల ఆ బడిని మర్చిపోలేదంటే నాకు అంతకంటే ఏం కావాలి. కానీ 40 కొనకు, 15 చాలు. సెలవుల్లో కూడా రావద్దు, బడి నడిచే రోజుల్లో రా. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నీకు తెలియని సంగతొకటి. నేను ఇక్కడికి బదిలీ అయి రాకముందు పనిచేసిన బడికి పది కంప్యూటర్లు వచ్చాయి. నేర్పడానికి ఒక కుర్రాడు ఉండేవాడు, మంచివాడు, పిల్లలు అతని వెనకే తిరిగేవారు. అతని ఒప్పందం అయిపోయింది, వెళ్లిపోయాడు, గదికి తాళం పడింది. రెండేళ్ల తర్వాత పరీక్షల కోసం గది కావాల్సివచ్చి తెరిస్తే ప్రతి మానిటర్‌కీ పూల గుడ్డతో కుట్టిన తొడుగు ఉంది, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. కింద యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి డబ్బా మూత పైకి లేచింది. ఒక్క కంప్యూటర్ కూడా ఆన్ కాలేదు. అంత జాగ్రత్తగా దాచినవి అలా పాడయ్యాయి.

అందరూ టీచర్లకి బద్ధకం అంటారు. కాదు, భయం. బడికి ఏ వస్తువు వచ్చినా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఎక్కిన క్షణం నుంచి అది హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం) మెడకి చుట్టుకున్నట్టే. బదిలీ అయినా, రిటైర్ అయినా లెక్క అప్పజెప్పాలి, ఒకటి తగ్గితే సంజాయిషీ రాయాలి. వచ్చే ఏడాది రిటైర్ అయ్యే మనిషి చేతికి 40 టాబ్‌లిచ్చి పిల్లలకివ్వండి అంటే ఆయన ఏం చేస్తాడు? బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. నేను హెచ్‌ఎంగా ఉన్న మూడేళ్లూ నేనూ అదే చేశాను, సైన్స్ కిట్ల విషయంలో.

కాబట్టి నువ్వు మొదట చేయాల్సింది ఆ భయం తీసేయడం. టాబ్‌లతోపాటు ఒక ఉత్తరం రాసివ్వు. వాడుతూ పగిలినా, పాడైనా బాగు చేయించే ఖర్చు నీదేనని, ఏ టీచరూ బాధ్యులు కారని అందులో స్పష్టంగా ఉండాలి. దాన్ని తల్లిదండ్రుల కమిటీ మీటింగ్‌లో చదివించి తీర్మానం పుస్తకంలో రాయించు. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక కాపీ పంపు. రిపేర్ల కోసం ఏడాదికి ఇంత అని విడిగా పక్కన పెట్టు, అందుకే 15 చాలన్నాను. ఒక స్క్రీన్ పగిలి, అది పదిరోజుల్లో బాగై తిరిగొచ్చిందనుకో, ఆ రోజు నుంచి బీరువా తలుపు తీసే ఉంటుంది. ఇది నా అనుభవం మీద చెప్తున్న మాట.

కొనే ముందు హెచ్‌ఎం గారిని ఇంకోటి అడుగు, బడిలో ఇప్పటికే ఏమున్నాయని. 2022 డిసెంబరులో, తర్వాతి ఏడాది కూడా, మన ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకి ప్రభుత్వం టాబ్‌లిచ్చింది. చాలా హైస్కూళ్లలో గోడకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి. ఉన్నవి పనిచేయించడానికి ఒక అడాప్టరో, ఒక మెకానిక్ రాకో చాలేమో. అదే అయితే నీ డబ్బులో సగం మిగిలినట్టే.

కరెంటు సంగతి మీ ఇంజనీర్లకి తెలిసినా మన ఊరి కరెంటు వేరు. వానాకాలం ఈదురుగాలికి చెట్టు పడితే ఒక్కోసారి రెండు రోజులు రాదు. 15 టాబ్‌లకి మామూలు ఇంటి ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి సరిపోతాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారో పేరు పెట్టి గోడ మీద రాయించు. ఎర్తింగ్ చూపించు, గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో. పోయిన వేసవిలో స్టాఫ్ రూమ్ స్విచ్ బోర్డు ముట్టుకుంటే నా చెయ్యి జిల్లుమంది.

ఇంటర్నెట్ మీద మాత్రం ఆధారపడకు. సిగ్నల్ బడి వెనక చింతచెట్టు దగ్గర వస్తుంది, క్లాసులో రాదు. ఒక పాత లాప్‌టాప్‌లో కొలిబ్రి, కివిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు వేసి చిన్న వైఫై రౌటర్ పెడితే నెట్ లేకుండానే పిల్లల టాబ్‌లకి పాఠాలు, లెక్కలు, తెలుగు వికీపీడియా మొత్తం అందుతాయి. ఇది నువ్వు ఒక శనివారం కూర్చుంటే చేసేస్తావు, నేను చేయలేను. పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ల వీడియోలు ప్రభుత్వ దీక్ష యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టు.

టాబ్ ఇంటికి పంపాలా అని అడిగావు. మొదటి ఏడాది వద్దు. ఇంటికి వెళ్తే అది అన్నయ్యది అవుతుంది, ఆడపిల్ల చేతికి రాదు. బడిలోనే ఇద్దరికి ఒకటి ఇచ్చి, పది నిమిషాలకోసారి చేతులు మారాలని పెట్టు. అది కూడా గమనించాలి. మగపిల్లాడు పట్టుకుంటే పక్కనున్న అమ్మాయి తొంగిచూడటంతోనే గంట అయిపోతుంది. అమ్మాయిలని జతగా కూర్చోబెట్టడమే మేలు.

పెరూ దేశంలో 319 పల్లె బడుల మీద ఒక అధ్యయనం జరిగింది, లాప్‌టాప్‌లు అందిన పిల్లలకి లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనబడలేదు. అదే ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం పరిశీలించిన ట్యూషన్ సెంటర్లలో ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో అక్కడి నుంచే నేర్పే సాఫ్ట్‌వేర్ వాడితే పిల్లలు లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. భాగహారం రాని పిల్లకి తొమ్మిదో తరగతి వీడియో ఎంత అందంగా చూపించినా దండగే.

టీచర్లకి ట్రైనింగ్ అని మండలానికి పిలిచి ఒకరోజు స్లైడ్లు చూపించకు. వాళ్లకి ఫోనంటేనే విసుగు వచ్చేసింది, హాజరు, భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అన్నీ ఇన్నేళ్లుగా అందులోనే ఎక్కించారు. ఒక్క టీచర్‌ని ఎంచుకో. ఆసక్తి ఉన్నవాళ్లు ఒకరు చాలు, ఇంకో మూడు నాలుగేళ్లు ఇక్కడే ఉండేవాళ్లైతే మరీ మంచిది. ఆమె క్లాసులో వెనక బెంచీలో వారం కూర్చో. ఆమె తడబడినప్పుడు లేచి చేసి చూపించకు, పక్కన నిలబడు. పిల్లల ముందు పరువు పోతుందన్న టెన్షన్ ఉంటుంది వాళ్లకి, అది నీకు అర్థం కావాలి.

ఇక ఏం నేర్పాలి అన్నది. కోడింగ్ అని రాశావు. దానికంటే ముందు ఒక పిల్ల గురించి చెప్తాను. పదిలో మంచి మార్కులొచ్చాయి, నాన్న కూలి. ట్రిపుల్ ఐటీకి నెట్ సెంటర్‌లో అప్లై చేయించాం. ఫారంలో ఫోన్ నంబర్ ఆ సెంటర్ వాళ్లదే ఇచ్చారు, పాస్‌వర్డ్ కూడా వాళ్లే పెట్టారు. ఎంపికైనట్టు మెసేజ్ ఎవరికి వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో, కౌన్సెలింగ్ రోజు దాటాక తెలిసింది. ఆ పిల్ల మా ఇంటి మెట్ల మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో ఆ లిస్టు పైకీ కిందకీ జరుపుతూనే ఉంది, తన పేరు మీదికి వచ్చి ఆగుతోంది, మళ్లీ జరుపుతోంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఆ ఫారం నా కళ్లతో ఒకసారి చూసుండాల్సింది.

అందుకే ముందు ఇవి నేర్పు: సొంత మెయిల్, సొంత పాస్‌వర్డ్, ఫారంలో తన నంబర్ తనే కొట్టడం, డిజిలాకర్‌లో మార్కుల మెమో తీసుకోవడం, 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే దొరుకుతున్న ప్రభుత్వ సేవలు వాడటం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉందని. ఇది పిల్ల నేర్చుకుంటే ఇంట్లో తల్లికి కూడా వస్తుంది.

ఇంకోటి, నాకు ఇష్టమైనది. కొండ మీది సవర గిరిజన పిల్లలు తరగతిలో నోరు విప్పరు. గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు పైగా కిందటే వాళ్ల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశారు, మనం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఆ పిల్లలకి టాబ్ ఇచ్చి మీ మామ్మ చెప్పే కథ సవరలో రికార్డ్ చేసుకురండి అని పంపు. ఆ ఒక్క పనికి మాత్రం టాబ్ ఇంటికి వెళ్లొచ్చు. తర్వాత ఆ కథ క్లాసులో వినిపించి, తెలుగులో ఎలా చెప్పాలో మిగతా పిల్లలు వాళ్లనే అడగాలి.

సెలవులయ్యాక మొదటి సోమవారం వచ్చేయ్, ప్రార్థన టైముకి ఉంటే అందరినీ చూడొచ్చు. నేను హెచ్‌ఎం గారితో మాట్లాడి ఉంచుతాను. మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి పట్టుకురా, స్టాఫ్ రూమ్‌లో ఉన్నదానికి ఒక్క సాకెట్టే పనిచేస్తోంది.

మీ లెక్కల మాస్టారు