మెహర్ పాతిక వేలు, ఇల్లు మాత్రం ఆయన పేరు మీద

ప్రశ్న: మాది కడప. 2005లో నిఖా (పెళ్లి) అయింది. మెహర్, అంటే నిఖాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము, 25 వేలని రాసి, తర్వాత ఇస్తామన్నారు. ఇంతవరకు ఇవ్వలేదు. మా పుట్టింటివాళ్లు నాకు పెట్టిన 12 తులాల బంగారం 2012లో అమ్మి స్థలం కొన్నాం. స్థలం, దాంట్లో కట్టిన ఇల్లు మా ఆయన పేరు మీదే ఉన్నాయి. ఇద్దరు పిల్లలు. ఇంట్లో సగం నాదేనని చుట్టాలంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. పెళ్లయింది కదా అని భర్త ఆస్తిలో సగం భార్యకు దానంతటదే రాదు. గోవా లాంటి చోట్లను పక్కన పెడితే ఈ దేశంలో ఏ మతంవాళ్లకూ అలా రాదు. కాకపోతే మీవారు మీకు బాకీ ఉన్నారు. ఒక బాకీ నిఖానామాలో (పెళ్లి ఒప్పంద పత్రంలో) ఉంది, రెండోది ఎక్కడా రాసి లేదు.

మెహర్‌ను కట్నంతో కలిపి చూడకండి. కట్నం తీసుకోవడం నేరం. మెహర్ భర్త భార్యకు ఇచ్చి తీరాల్సిన అప్పు. అది కట్నం కిందికి రాదని 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే చెబుతోంది. బాధ ఏంటంటే ఈ అప్పుకు దానంతటదే వడ్డీ పెరగదు. 2005లో పది గ్రాముల బంగారం సుమారు 7 వేలు. మీ పాతిక వేలకు అప్పట్లో 35 గ్రాములు వచ్చేది. ఇప్పుడు పది గ్రాములు లక్ష దాటింది, అదే డబ్బుకు రెండున్నర గ్రాములు కూడా రాదు. అందుకే మెహర్ రూపాయల్లో రాయించడం నాకు నచ్చదు. రేపు మీ అమ్మాయికైనా గ్రాముల్లో రాయించండి.

మీ విషయంలోనూ దారి ఉంది. నిఖా అయ్యాక కూడా భర్త ఇష్టపడితే మెహర్ పెంచవచ్చు. పెంచిన మొత్తం కాగితం మీద పెట్టి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించుకోండి.

అసలు పెద్ద బాకీ ఆ 12 తులాలు. పుట్టింటివాళ్లు మీకు పెట్టింది మీదే, కానీ అది స్థలంగా మారాక మీ డబ్బేనని చూపించే కాగితం కావాలి. నగలు అమ్మిన రసీదు, బ్యాంకు ఎంట్రీ ఏదున్నా దాచండి. మీవారితో మాట్లాడి ఇంట్లో సగం మీ పేరున రిజిస్టర్ చేయించుకోండి. నోటిమాటగా హిబా (దానం) ఇచ్చినా ముస్లిం చట్టంలో చెల్లుతుంది గానీ, బ్యాంకు మేనేజర్ నోటిమాట వినడు. కుటుంబంలో గిఫ్ట్ డీడ్‌కు స్టాంప్ డ్యూటీ అమ్మకం కంటే తక్కువే. మెహర్‌కు బదులుగా ఇస్తున్నారంటే మాత్రం దాన్ని అమ్మకంగా చూసే అవకాశం ఉంది, రాయించేముందు లాయర్‌కు చూపించండి. ఇంకోటి, ఊరికే గిఫ్ట్‌గా ఇస్తే ఆ వాటా మీద వచ్చే అద్దె ఇన్‌కంట్యాక్స్‌లో ఆయన ఆదాయమే.

ఇవేవీ చేయకుండా ఆయనకేమైనా అయితే? పిల్లలున్నారు కాబట్టి మీ వాటా ఎనిమిదో వంతు. మెహర్ అప్పు కనుక పంపకాల కంటే ముందే తీర్చాలి. కానీ జనాజా (శవయాత్ర) లేవబోయే ముందు, 'మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా' అని పెద్దవాళ్లు అడగడం చాలా ఇళ్లలో ఉంది. ఆ ఏడుపులో తల ఊపితే అది మనస్ఫూర్తిగా వదులుకున్నట్టు కాదు. ఊపకపోతే ఇంకా మంచిది. మెహర్ కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తే, ఆయన పోయిన రోజు నుంచి మూడేళ్లే గడువు.

నిఖానామా మీ దగ్గర ఉందా? లేకపోతే నిఖా చదివించిన ఖాజీ దగ్గర నకలు తీసుకోండి, ఈ వారమే.