ఇంగ్లండ్‌లో జౌస్టింగ్ బృందంలో చేరాలంటే గుర్రపుస్వారీ వచ్చి ఉండాలా?

అక్కర్లేదు. నేను 2021 చలికాలంలో చేరాను. ఇవాళ్టికీ గుర్రాన్ని పగ్గం పట్టుకుని నడిపించడమే వచ్చు, ఎక్కి దౌడు తీయించడం రాదు. అయినా ఎండాకాలం వచ్చిందంటే నా శనాదివారాలన్నీ వీళ్లవే.

మీరు ఒక కోటలో జౌస్టింగ్, అంటే కవచాలు తొడుక్కుని గుర్రాల మీద ఎదురెదురుగా వచ్చి ఈటెలతో ఢీకొనే పాతకాలపు పోటీ, చూసి, "మే నెలలో సీజన్ మొదలవుతుందట, అప్పుడు వెళ్తే తీసుకుంటారా, స్వారీ రానివాడికి అక్కడ ఏం పనుంటుంది" అని అడిగారు. పనికి కొదవ లేదు. కాకపోతే మేలో వెళ్లకండి, ఫిబ్రవరిలో వెళ్లండి. మేలో మీకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఫిబ్రవరిలో అయితే బురద బూట్లతో ఒక మనిషి గేటు దగ్గర కనిపించగానే పిలిచి మరీ టీ ఇస్తారు.

మా బృందం ఇంగ్లండ్ నడిమధ్య ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో ఒక పల్లెటూరి పొలంలో ఉంటుంది. పేరు రాయను, మావాళ్లకు నచ్చదు. ఈటె పట్టేవాళ్లు ఆరుగురు, గుర్రాలు తొమ్మిది, నాలాగా కింద నిలబడి పనిచేసేవాళ్లు పదీ పన్నెండుమంది. మీకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది.

అందరికంటే ముందు తయారవ్వాల్సింది గుర్రాలు. నవంబరు నుంచి వాటికి సెలవు. బొచ్చు పెంచుకుని, బురదలో పొర్లి, సంక్రాంతి నాటికి బస్తాల్లా ఉంటాయి. అలాంటిదాన్ని ఏకంగా పరిగెత్తిస్తే కాలు పాడవుతుంది. అందుకని ముందు లాడాలు కొట్టిస్తారు, ఫ్లూ టీకా తేదీ చూసుకుంటారు, ఆపైన కొన్ని వారాలు నడకే. ఉత్త నడక, ఊరి తారురోడ్డు మీద, రోజుకు కాస్త పెంచుకుంటూ. ఏప్రిల్ దాకా దౌడు మాటే ఎత్తరు. గుర్రాలు చూసుకునే ఆవిడ ఈ విషయంలో ఎవరి మాటా వినదు. ఒకసారి మా రౌతు ఒకాయన, "ఎండ బాగా కాసింది, ఒక్క చుట్టు పరిగెత్తిద్దామా" అంటే, "నువ్వు పరిగెత్తు, నేను చూస్తా" అంది. మా అమ్మకు ఫోన్లో ఇదంతా చెబితే ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "ఉలవలు పెడతారా?" పెట్టరు. ఎండుగడ్డి, కొలత ప్రకారం దాణా. పచ్చికలోకి కూడా గంటలు లెక్కపెట్టి వదులుతారు. వసంతంలో లేతగడ్డి ఎక్కువ మేస్తే గిట్టల లోపల వాపొచ్చి కుంటిదయ్యే ప్రమాదం ఉంది.

ఒళ్లు గట్టిపడటం ఒక ఎత్తు, బెదురు పోవడం ఇంకో ఎత్తు. రెండు గుర్రాలు ఎదురెదురుగా వస్తాయి కదా, మధ్యలో ఉండే కంచెను టిల్ట్ అంటారు. అది ఎప్పుడూ రౌతుకు ఎడమ పక్కనే ఉంటుంది. ఈటె కుడిచేతిలో ఉండి, గుర్రం మెడ మీదుగా ఎడమకు వాలుతుంది. పదిహేనో శతాబ్దంలో ఈ కంచె వాడుకలోకి రాకముందు గుర్రాలకు గుర్రాలే గుద్దుకునేవి. మొదట్లో తాడు కట్టి గుడ్డ వేలాడేసేవాళ్లు, తర్వాత చెక్క వచ్చింది. కంచె ఉన్నా, ఎదురొచ్చేదాన్నుంచి పక్కకు తప్పుకోవడం గుర్రం నైజం. అది రెండడుగులు జరిగితే చాలు, ఈటె గాల్లో పోతుంది, రౌతు పరువూ పోతుంది. కాబట్టి రెండింటినీ కంచెకు అటూ ఇటూ ముందు నడిపిస్తారు, తర్వాత ఈటె లేకుండా, ఆ తర్వాత ఉత్త కర్రతో. ఈలోగా మేం రేకుడబ్బాలు మోగిస్తాం, జెండాలు ఊపుతాం, స్పీకర్లో చప్పట్ల రికార్డింగు పెడతాం. మొదటి ఏడాది మార్చి నెలంతా నా ఉద్యోగం గొడుగు తెరవడం, మూయడం.

గొడుగంటే గుర్తొచ్చింది. 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లోని ఎగ్లింటన్ కోటలో ఎర్ల్ అనే బిరుదున్న ఒక ప్రభువు గారు పాతకాలపు పోటీలు మళ్లీ జరిపిస్తానని డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టాడు. జనం లక్షమంది దాకా వచ్చారంటారు. కుండపోత వాన. లండన్‌డెర్రీ మార్క్విస్ అనే ఇంకో ప్రభువు కవచం తొడుక్కుని గొడుగు వేసుకున్నాడు, ఆ గొడుగే జోకుగా మిగిలిపోయింది. వాతావరణ సూచన చూసినప్పుడల్లా మా పెద్దాయన ఈ కథ మళ్లీ మొదలుపెడతాడు. ఆయన జట్టుకు పెద్ద, ఇరవై ఏళ్లకు పైగా ఈటె పట్టాడు.

ఇక వానకూ నాకూ ఉన్న లెక్క. 2022 సెప్టెంబరులో ఆఖరి ప్రదర్శన తడిసిపోయింది. సామాను సర్దే పని నాది. కాళ్ల కవచాలను, లోపల తొడుక్కునే తడి దూది కోటును ఒకే ప్లాస్టిక్ పెట్టెలో పడేశాను. రేపు తీసి తుడుద్దాంలే అనుకున్నాను. ఆ రేపు ఫిబ్రవరిలో వచ్చింది. మూత తీస్తే ఇనుపకొట్టు వాసన. ఉక్కంతా తుప్పు, తోలుపట్టీలకు తెల్లటి బూజు, రెండు పట్టీలు చేతిలోనే తెగాయి. పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. స్టీల్ ఊల్ (తుప్పు రుద్దే ఉక్కు పీచు) ప్యాకెట్టు, నూనెడబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మూడు శనివారాలు రుద్దాను. గోళ్లలో నలుపు ఆఫీసులో సోమవారం కూడా కనిపించేది. గొలుసు కవచం మాత్రం పాతకాలంలో సుఖం, ఇసుకతో పీపాలో వేసి దొర్లించేవాళ్లట. రేకు కవచానికి ఆ వీలు లేదు, ప్రతి మడతా చేత్తోనే. ఇప్పుడు పొడిగుడ్డ, ఆ తర్వాత నూనె, సీజన్ అయిపోయాక సన్నటి పొర మైనం. ఈ మైనాన్ని బ్రిటిష్ మ్యూజియంలో తయారుచేశారు, రెనసాన్స్ వ్యాక్స్ అని దొరుకుతుంది. డబ్బా చిన్నదే, ధర చూస్తే గుండె గుభేల్ మంటుంది.

ఒక మనిషి మీదికెక్కే ఉక్కు ఇరవై, పాతిక కిలోలు. ఫిబ్రవరి, మార్చిలలో దానిలోని ప్రతి రివెట్టునూ కదిపి, ప్రతి పట్టీనీ బలమంతా పెట్టి లాగి చూస్తాం. తెగేదేదో షెడ్డులోనే తెగాలి.

ఈటెలు కూడా ఆ షెడ్డులోనే తయారవుతాయి. మొదలు గట్టి కర్ర, కొస బాల్సా చెక్క. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, చేతిలో పట్టుకుంటే బెండు పట్టుకున్నట్టు ఉంటుంది. తగలగానే తునాతునకలవుతుంది, జనం కేరింతలు కొడతారు. ఆ తునకలను తక్కువగా చూడకండి. 1559 జూన్ 30న పారిస్‌లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి ఈటె చీలిక శిరస్త్రాణానికి ముందుండే ఉక్కు ముసుగు సందులోంచి కంట్లోకి దిగింది. పది రోజులకు చనిపోయాడు. అప్పటిది గట్టి కర్ర. మాది మెత్తటిది. అయినా ముసుగు కంతల కొలత చూడకుండా ఎవరినీ ఎక్కించం.

ముసుగు వేసి ఉందో లేదో చూడటం ఈటె అందించేవాడి పని. అతన్ని స్క్వైర్ అంటారు, మీరూ ముందో వెనకో అయ్యేది అదే. 1524 మార్చిలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ముసుగు తెరిచి ఉండగానే తన స్నేహితుడు సఫోక్ డ్యూక్ మీదికి గుర్రం తోలాడు. జనం ఆపమని అరిచారు. డ్యూక్‌కు కనపడలేదు, వినపడలేదు. ఈటె పగిలి ముక్కలు రాజు శిరస్త్రాణం నిండా పడ్డాయి. కన్ను దక్కింది. తప్పు నాదేనని చెప్పి ఇంకో ఆరుసార్లు పరిగెత్తాడని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. రాజు కాబట్టి తప్పు తనమీద వేసుకున్నాడు, మా మైదానంలో అయితే స్క్వైర్ మీదికే వస్తుంది. ఈటె ఇచ్చేముందు ముసుగును చేత్తో తట్టి, "మూసింది" అని గట్టిగా అనాలి. ఇది వంద సార్లు చేయిస్తారు, విసుక్కోకండి.

కోటల్లో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల నేల కూడా రక్షిత కట్టడంలో భాగమే, అనుమతి లేకుండా గుంజ పాతకూడదు. మా కంచె బరువైన పాదాల మీద దానంతటది నిలబడుతుంది. దాన్ని లారీలోంచి దించి వరసగా నిలబెట్టడం ఏప్రిల్‌లో గడియారం పెట్టి సాధన చేస్తాం. నడుము జాగ్రత్త.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఒంగోలువాణ్ని, ఇంగ్లండు ఎండ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు కాసింది. ఆ వారం మేం సాధన మానేశాం. ఒంగోల్లో నలభై డిగ్రీలకు పంచె, పలచటి చొక్కా ఉంటాయి. దూదికోటు మీద ఉక్కు ఉండదు.

తిండి విషయం మీరు అడగలేదు గానీ అడుగుతారు. జనం చూసేటప్పుడు గుడారం ముందు వండేదంతా 15వ శతాబ్దపు వంటే కావాలి. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప అమెరికా నుంచి వచ్చినవి, కాబట్టి నిషేధం. మొదటిరోజు నాకు ఏడుపొచ్చింది. అప్పట్లో గుంటూరులోనూ మిరపకాయ లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. మిరియం, అల్లం వాడనిస్తారు. జనం వెళ్లాక ఆవకాయ సీసా బయటికొస్తుంది. రెండేళ్లుగా మా గుర్రాల ఆవిడ కూడా బ్రెడ్డు ముక్క పట్టుకుని వస్తోంది.

ఇంతకీ మొదటి సీజన్లో మీరు చేయబోయే పని: ప్రతి ఢీ తర్వాత మైదానంలోకి పరిగెత్తి బాల్సా ముక్కలు ఏరడం, గిట్టల కింద పడకుండా. తాడు అవతలి నుంచి పిల్లలు చేతులు చాపి అడుగుతారు. చీలికలు లేచి ఉన్నాయేమో వేలితో తడిమి చూసి, నున్నగా ఉన్న ముక్క ఇవ్వండి. రంగు ఉన్నదే అడుగుతారు, ఒకటీ రెండూ జేబులో దాచి ఉంచుకోండి.